మిద్దె మీద నీళ్లు

హనుమక్క కర్రల మధ్య కూర్చుంది. ఎవరు పిలిచినా లేవదలచుకోలేదు. కోడలు రామాంజినమ్మ పార భుజాన వేసుకుని సర్కారు కరువు పనికి అటు వెళ్లిందో లేదో, ఈమె ఇటు వచ్చి, ఇంకా తలుపు పెట్టని వాకిట్లోంచి వంగి దూరి, కొత్త ఇంటి నట్టనడుమ చోటు చూసుకుని కాళ్లు చాపుకుంది. చుట్టూ సెంట్రింగ్ కర్రలు, అరవైకి తక్కువుండవు, వాటి నెత్తిన ఇనుప రేకులు, రేకుల నెత్తిన స్లాబు. ఈ కర్రలు నిలబడి ఉన్నంతసేపూ స్లాబు పడదు. ఈ ఒక్క సంగతే ఆమెకు ఖాయంగా తెలుసు, తక్కినవన్నీ భయాలే. బయట మేస్త్రీ యేసన్న మూడుసార్లు మర్యాదగా పిలిచాడు, లేయి పెద్దమ్మా, రేకులు మీద పడతాయి అని. నాలుగోసారి పిలవకుండా ఇసుక కుప్ప మీద కూర్చుని బీడీ ముట్టించాడు. కొండ కింద కందకాల పనికి పోతున్న ఆడవాళ్లతో కోడలికి కబురు పంపానని కూడా చెప్పాడు. పంపుకోనీ. కబురు పోయి మనిషి రావాలంటే గంట పడుతుంది, ఆ గంట తనది. పది గంటలకు తనకల్లు మండలాఫీసు నుంచి ఇళ్ల ఇంజనీరు వస్తాడు, కర్రలు తీసిన మిద్దె చూస్తాడు, బాగుంటే ఫోటో తీసి కాగితం రాసుకుంటాడు. బాగాలేకపోతే? ఇందిరమ్మ ఇల్లు ఒక కుటుంబానికి ఒక్కసారే, రెండోసారి అడిగేది లేదని ఆనాడు పట్టాల సభలో మైకు పెట్టి మరీ చెప్పారు. ఆ మాట అప్పుడు చెవిన పడి పోయింది, ఇప్పుడు వచ్చి గుండెల మీద కూర్చుంది.

కింద గచ్చు ఇంకా వేయలేదు. అరచేత్తో నేలను తడిమింది, చల్లగా ఉంది, సిమెంటు వాసన. రెండున్నర సెంట్లు. ఇది తమదని నమ్మడానికే ఆమెకు ఆరు నెలలు పట్టింది మరి. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన నాటి నుంచీ నరసింహప్ప గారి పాత పశువుల మిద్దెలోనే కాపురం, వాళ్ల చేలో పని చేసినన్నాళ్లూ ఉండమన్నారు, ఉన్నారు. మంచివాళ్లే, పాపం ఎన్నడూ పొమ్మనలేదు, కానీ పొమ్మంటే పోవాల్సిందేనని రెండిళ్ల వాళ్లకూ తెలుసు. మొన్న ఉగాదికి ఆయన కొడుకులు వచ్చి, మిద్దె పడగొట్టి కోళ్ల షెడ్డు వేస్తాం, వానాకాలం లోపల చూసుకో అక్కా అని చెప్పి పోయారు. ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు, మిద్దె వాళ్లది. ఆ పొద్దు ఆమె కంచం పక్కకు జరిపేసింది. రామాంజినమ్మ మాత్రం కంచం కడిగి బోర్లించి, ట్రంకుపెట్టె తీసి, చీరల అడుగున దాచిన పట్టా కాగితం తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది. దాని మీద రామాంజినమ్మ ఫోటో, రామాంజినమ్మ పేరు, ఆ తరవాతే భర్త నాగన్న అని. పట్టాలు ఆడవాళ్ల పేరు మీదే ఇస్తామని సభలో అన్నప్పుడు మగవాళ్లు కొందరు దగ్గారు, కొందరు నవ్వారు, నాగన్న మాత్రం, మంచిదే సార్, నా పేరు మీద ఉంటే మా అమ్మ దిగులు పెట్టుకుంటుంది ఎప్పుడు తాకట్టు పెడతానో అని, అంటే సార్లు కూడా నవ్వారు. వాడు అన్నది నిజమే, వాడి నాయన చేసిన పని అదే కదా, ఉన్న ఎకరా చేను ఎప్పుడు పోయిందో ఆమెకు పోయాకనే తెలిసింది. కాగితం మీద ఆడదాని పేరు. ఎవడు ఆలోచించాడో గానీ, ఎక్కడో కూర్చుని, ఇళ్లలో ఏం జరుగుతుందో తెలిసినవాడే అయ్యుంటాడు, వాడి కడుపు చల్లగా ఉండాలి.

నాగన్న ఉంటే బాగుండును. వాడు బెంగుళూరులో పది అంతస్తుల మీద కాంక్రీటు మోస్తాడు, ఎవరెవరి మిద్దెలకో మోస్తాడు, తన మిద్దె పోసే రోజుకు రెండు దినాల సెలవు దొరికితే వచ్చి, మొదటి గంప తనే ఎక్కించి, చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా బస్సెక్కాడు. ఇల్లు కట్టింది వాడి పెళ్లామే. బేస్‌మెంటుకు రాళ్లు తెచ్చిందీ, సిమెంటు మూటలు వచ్చినప్పుడు ఎవరి పేరుకు ఎన్నని నిలబడి అడిగిందీ, గోడలు లెంటల్ ఎత్తుకు లేచినప్పుడు యేసన్నతో గొడవ పెట్టుకుని కిటికీ పెద్దది చేయించిందీ ఆమే. గొంతు పెద్దది కాదు, అదే ఆశ్చర్యం. పోట్లాడుతున్నట్టే ఉండదు, చూస్తే కిటికీ పెద్దదై ఉంటుంది.

గొంతు పెద్దది కాదు గానీ ఆ దినం ఆడవాళ్ల పొదుపు సంఘం మీటింగులో ఆ గొంతే కదా కొత్త కాలనీ ముప్పై రెండిళ్లనూ కదిలించింది. కాలనీలో మొట్టమొదటి స్లాబు కొండప్పది, మంచి ఎండల్లో పోశారు, బోర్లు ఎండి ఊరంతా ట్యాంకరు మీద బతుకుతున్న రోజులు, ఇంటికి ఆరు బిందెలు, తాగడానికీ వండడానికీ ఆవుకూ అన్నిటికీ అవే. కొండప్ప మిద్దె వాన లేని చేను మాదిరి నెర్రెలు విచ్చింది. మొదటి జల్లుకే పొయ్యిలోకి నీళ్లు కారాయి. మీటింగులో ఆడవాళ్లందరూ తలా ఒక నిట్టూర్పు విడుస్తుంటే రామాంజినమ్మ లేచి, ఎవరి స్లాబు వేస్తే ఆ మిద్దెకు దినమూ ఇంటికో బిందె పోద్దాం అంది. అంతే మాట. గొల్లుమంది సభ. గొంతు తడుపుకోవడానికి లేవు, మిద్దెకు తాపాలంట అని వనజాక్షి గట్టిగానే అంది. అదే ఇప్పుడు తన ఇంటికి కర్రల కోసం ఎదురుచూస్తున్న వనజాక్షే, ఇన్నాళ్లుగా ఒక్క దినం బిందె తప్పించలేదు పాపం. రామాంజినమ్మ ఆ మాటకు బదులుగా, ఒక్కొక్కరం సొంతంగా పోసుకుంటే ఆరు బిందెలతో మిద్దె తడవదు, మనిషీ తడవడు, కలిసి పోస్తే రెండూ తడుస్తాయి, ఇంటింటికీ వంతు రాక తప్పదు కదా అంది. ఆ రాత్రి హనుమక్క పడుకుని, ఈ పిల్లను నేను ఏ పుణ్యం చేసి ఇంటికి తెచ్చుకున్నాను అనుకుంది, అనుకున్నది నోటితో అనలేదు. అత్తలు అట్లాంటివి నోటితో అంటారా.

ఇక తమ మిద్దె పదకొండోది. పొద్దున ట్యాంకరు వచ్చి పోగానే ఆడవాళ్లు వరసగా వచ్చేవాళ్లు, నిచ్చెన కింద ఒకతె, మధ్యన ఒకతె, పైన ఒకతె, బిందెలు చేతులు మారుతూ పైకి పోతుంటే హనుమక్క చూస్తూ నిలబడేది, తన ఇంటి కోసం ఊరు తన దాహంలోంచి తీసి పోస్తున్నది కదా అని కళ్లు చెమర్చేవి. మిద్దె మీద బంకమట్టితో చిన్న చిన్న మళ్లు కట్టి, గట్ల తడి ఆరకుండా వాటి మీద వేరుశెనగ పొట్టు పరిచి, ఆ మళ్లలో నీళ్లు నిలబెట్టారు. అది ఆమెకు తెలుసు. ఎందుకు నిలబెట్టారో కూడా యేసన్న చెప్పాడు, విన్నది, తలూపింది. మరి తెలిసి కూడా ఎందుకు చేశావే ముసలిదానా?

స్లాబు పోసిన అయిదో దినం మధ్యాహ్నం. ఇంట్లో ఎవరూ లేరు, మిద్దె చల్లగా ఉందో లేదో చూద్దామని నిచ్చెనెక్కింది. ఎక్కి, తల పైకి పెట్టగానే కనిపించింది, మిద్దె నిండా నీళ్లు. ఆకాశం కనిపిస్తోంది అందులో. ఆ తరవాత చేసింది ఆమె కాదు, ఆమె చేతులు. నలభై ఏళ్లు పశువుల మిద్దె మీద చినుకు పడితే చాలు, తింటున్న ముద్ద వదిలి పైకెక్కి, చవుడు మట్టి మీద నిలిచిన నీళ్లను పరకతో తూములోకి ఊడ్చిన చేతులు. మట్టి మిద్దె మీద నీళ్లు నిలబడ్డాయంటే కింద మనుషుల్లేరనే లెక్క. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు నల్లమాడ పక్కన పుట్టింట్లో రెండు దినాలు ఆగకుండా వాన పట్టింది, నాయన ఊళ్లో లేడు, మిద్దె మీద నీళ్లు తీయడానికి ఎవరూ ఎక్కలేదు. దూలం కిర్రుమనగానే అమ్మ పిల్లలందర్నీ బయటికి తోసింది. తోసి, విత్తనం శెనక్కాయల మూట తెస్తానని మళ్లీ లోపలికి పోయింది. అంతే. మూట కోసం పోయింది, వచ్చే ఏడు చేలో ఏం వేస్తారని పోయింది. తరవాత మట్టి తవ్వి తీసినప్పుడు మూట తడవలేదు. ఆ విత్తనమే వేశారు ఆ ఏడు, పండింది కూడా, ఆ కాయలు హనుమక్క నోట పెట్టలేదు. అందుకే పరక చేతికి వచ్చింది, మళ్లకు గండ్లు కొట్టింది, మూల మూలా ఊడ్చింది, ఒక్క చుక్క మిగలనివ్వలేదు. అమ్మయ్య అని నడుం పట్టుకుని నిలబడి కిందికి చూస్తే గోడ పొడుగునా నీళ్లు కారుతున్నాయి, కోళ్లు పరుగెత్తుకొచ్చి తాగుతున్నాయి. అప్పుడు తెలివొచ్చింది. ముప్పై రెండు బిందెలు. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది, కాలి కింద స్లాబు అప్పుడే తెల్లబడుతోంది.

బయట వనజాక్షి గొంతు వినపడింది, యేసన్నతో అంటోంది, ముసలామెకు ఏమైందప్పా, గాలి సోకిందా, మా ఇంటి కాడ కూలోళ్లు ఊరకే కూర్చోనుండారు అని. నిజమే, ఈ కర్రలూ రేకులూ ఇవాళే వాళ్లింటికి పోవాలి, వాళ్ల స్లాబు ఎల్లుండికి పెట్టుకున్నారు. తన భయం కోసం ఇంకొకరి ఇల్లు ఆపి కూర్చుంది. సిగ్గుగా ఉంది, అయినా కాళ్లు లేవడం లేదు. తలెత్తి రేకుల సందుల్లోకి చూసింది, పొద్దున్నుంచీ అదే పని. గోడకూ స్లాబుకూ మధ్యన వెంట్రుక మాదిరి ఒక గీత కనిపిస్తోంది. గీతేనా, బూజా? లేచి చూద్దామంటే భయం, చూడకుండా ఉందామంటే కళ్లు అక్కడికే పోతాయి. కొండప్ప మిద్దె కూడా మొదట గీతే అన్నారు.

చేసిన తప్పు ఒక ఎత్తు, ఆ సాయంత్రం ఆడిన అబద్ధం ఇంకొక ఎత్తు. రామాంజినమ్మ పని నుంచి వచ్చి, ముఖమైనా కడుక్కోకుండా మిద్దెక్కి, చాలాసేపు దిగలేదు. కింద గోడ వారన హనుమక్క పొయ్యి ఊదుతూ, మంట లేని పొయ్యిని ఊదుతూ, కోతులు వచ్చినట్టుండాయే పాపా అంది. గొంతు తనకే కొత్తగా వినపడింది. కోడలు దిగి వచ్చి బిందెలు అందుకుంది. ఒక్క మాట అని ఉంటే, తిట్టి ఉంటే, ఈ పొద్దు ఈ కర్రల మధ్య ఈ బతుకు ఉండేది కాదు. ఇంట్లో ఉన్న నీళ్లన్నీ, తాగే నీళ్లతో సహా, ఒక్కతే నిచ్చెన మీద మోసింది. మళ్లకు గండ్లు పూడ్చింది. ఆ రాత్రి ఇద్దరూ నీళ్లు తాగకుండా పడుకున్నారు, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, పక్కన కోడలు నిద్రపోయిందో లేదో తెలియదు. మర్నాడు ట్యాంకరు రాగానే ఆడవాళ్లు ఎప్పటిలాగే వచ్చారు, ఎప్పటిలాగే పోశారు, నిన్నటి నీళ్లేమయ్యాయని ఒక్కరూ అడగలేదు. అడగరేం? హనుమక్క వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే వెతికింది. అందరూ మామూలుగానే ఉన్నారు, ఆ మామూలుతనమే ఆమెను తినేసింది. అప్పటి నుంచీ తన వంతు అన్నంలో సగం తినడం, తన వంతు నీళ్లలో సగం ఎవరూ చూడకుండా మిద్దె మీద పోసి రావడం. రోజూ గోడ పట్టుకుని, ఓ తల్లీ నిలబడు అని మొక్కుకోవడం.

వాకిట్లో వెలుగు కాస్త తగ్గింది. రామాంజినమ్మ. పార బయట పెట్టి, కొంగు నడుముకు చెక్కుకుని, కర్రల మధ్యన వంగి వంగి వచ్చింది, ఒక్క కర్రకూ తగలకుండా. వచ్చి, లేయి అనలేదు. అత్త పక్కన నేల మీద కూర్చుని, తనూ కాళ్లు చాపుకుంది. కాళ్ల నిండా ఎర్ర దుమ్ము, మోకాలి కింద రాయి గీరుకున్న గాయం. పరుగెత్తుకొచ్చినట్టుంది, ఊపిరి ఇంకా సర్దుకోలేదు. ఈ పిల్ల ముఖం చూస్తూ మోసం చేయలేకనే ఆమె చివరికి నోరు తెరిచింది.

"కోతులు కాదు పాపా. నేనే తీసేసినా ఆ నీళ్లు."

"తెలుసు అత్తా. కోతులు గండి కొడతాయి గానీ, పరక తీసుకొని మూల మూలా ఊడుస్తాయా?"

తెలుసా? ఇన్ని దినాలూ తెలుసా? తెలిసి, నిచ్చెన మీద ఒక్కతే బిందెలు మోసి, ఏమీ అనకుండా పక్కలో పడుకుందా? సిగ్గుతో ముఖం వేడెక్కింది, సిగ్గు వెనకనే ఎక్కడలేని కోపం కూడా వచ్చింది, అడిగి ఉంటే ఆ పొద్దే ఏడ్చి కడుపు బరువు దించుకునేది కదా. మరి యాల అడగలేదు, ఎందుకు ఊరకున్నావని అడిగింది. అడిగితే నీళ్లు వాపసొస్తాయా అంది రామాంజినమ్మ, అని నవ్వింది. నవ్వి, కాలి గాయం మీద దుమ్ము తుడుచుకుంటూ, నెమ్మదిగా చెప్పింది.

"కొండప్ప మిద్దె యాల పగిలిందనుకుంటివి? వాళ్లమ్మ రెండుమార్లు నీళ్లు తీసేసింది. మన కంటే ముందర పడిన పదింట్లో ఆరిండ్ల మీద ఇదే కత. అందరూ మట్టి మిద్దెల కింద బతికినోళ్లు, నీళ్లు కనపడితే చేతులు ఊరకుంటాయా? ఇంజనీరు పద్నాలుగు దినాలు పోస్తే చాలన్నాడు. మేం ఇరవైయొక్క దినాలు పెట్టుకుంటిమి. ఆ ఏడు దినాలు మీ ముసలోళ్ల వంతు."

మీ ముందర అంటే నొచ్చుకుంటారని మీటింగులో చెప్పలేదని కూడా అంది, ఆడవాళ్లందరూ ట్యాంకరు కాడ నిలబడి మాట్లాడుకున్నారట, ఇంటింటికీ ఏడు బిందెలు ఎక్కువ, ఒక్కతె కూడా కాదనలేదట. వనజాక్షి అయితే, మా అత్తకు ఏడు చాలవు, పది పెట్టండి అందట.

హనుమక్క ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరేలా ఏడ్చింది. తప్పు చేసినందుకు కాదు, ఇప్పుడు ఆ బాధ ఎక్కడా లేదు. తన తప్పు తను చేయకముందే ఈ ఆడపిల్లలు దానికి నీళ్లు ఎత్తి పెట్టారు. తన మాదిరి ముసలివాళ్లు చేతులు చాచి తీసి పారబోస్తారని తెలిసి, కసురుకోకుండా, కాపలా పెట్టకుండా, నిచ్చెన దాచకుండా, తమ గొంతుల్లోంచి ఏడు బిందెలు తీసి పక్కన పెట్టారు. అరవై ఏళ్ల బతుకులో ఇట్లాంటి మర్యాద ఆమెకు ఎవరు చేశారు? అంత పెద్ద సర్కారు, అన్ని కాగితాలు, అన్ని సిమెంటు మూటలు, అవన్నీ గొప్పవే, ఆమె ఎన్నటికీ మరిచిపోదు. కానీ ఆ కాగితాల్లో ఎక్కడా రాయని ఈ ఏడు దినాలను కలిపింది ఇదిగో ఈ కాళ్ల మీద దుమ్ము ఉన్న పిల్ల. కొంచెంసేపటికి ముక్కు చీదుకుంది. ఆ గీత చూడు, గీతనా బూజా అని వేలు చూపించింది. రామాంజినమ్మ లేచి పక్కనున్న పొడుగాటి పుల్లతో గీరితే అది పుల్లకు చుట్టుకుని వచ్చేసింది.

ఇద్దరూ వంగి వంగి బయటికి వచ్చారు. యేసన్న బీడీ పారేసి సుత్తి తీసుకున్నాడు. హనుమక్క అతన్ని ఆపి, వాకిట్లో నిలబడి, దగ్గరగా ఉన్న మొదటి కర్రను రెండు చేతులా పట్టుకుంది. యేసన్న కింద చీల కొట్టగానే తనే గట్టిగా లాగి వెనక్కి జరిగింది. రేకు ఒకటి దభీమని పడింది. ఆ చోట స్లాబు బూడిదరంగులో, నున్నగా, కదలకుండా ఉంది. ఆ తరవాత యేసన్నా కూలివాళ్లూ లోపలికి పోయి ఒక్కొక్కటే తీస్తూ ఉంటే ప్రతి చప్పుడుకూ ఆమె కోడలి చేయి నొక్కుతూనే ఉంది. చివరి రేకు పడి, దుమ్ము అణిగి, గది ఉన్నదాని కన్నా పెద్దదిగా కనపడింది. ఎక్కడా ఒక్క నెర్రె లేదు. ఇంజనీరు ఇంకా రాలేదు, ఆయన కోసం ఆగకుండా హనుమక్క లోపలికి పోయి, ఆ మిద్దె కింద ఈ గోడ నుంచి ఆ గోడకు తల వంచకుండా నడిచింది.

కర్రలు మోయడానికి వచ్చిన ఆడవాళ్ల వైపు తిరిగి, వనజాక్షి మిద్దె మీద నీళ్లు ఈసారి తనే పోస్తానని, దినమూ తనే పైన నిలబడతానని గట్టిగా చెప్పింది. వనజాక్షి నవ్వాపుకుంటూ రామాంజినమ్మ వైపు చూసింది.

"పోస్తువులే అత్తా" అంది రామాంజినమ్మ, ఒక కర్ర భుజానికెత్తుకుంటూ. "ఆ ఏడు దినాలు మాత్రం మేం తగ్గించం."